గండిలో బంగారు తోరణం చూసిన దొర.. సీమ దారుల్లో ఏడేళ్లు తిరిగి, ఒక్క మాట కోసం పదమూడేళ్లు పట్టుబట్టిన మన్రో కథ ఇదీ!

కడప జిల్లా వేంపల్లె దాటాక పాపాఘ్ని నది రెండు కొండల మధ్య సందు చేసుకుని బయటపడుతుంది. ఆ చోటే గండి. శ్రావణమాసం వచ్చిందంటే చాలు, అక్కడి ఆంజనేయస్వామి గుడికి పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపుల నుంచి జనం కదులుతారు. ఆ గుడి దగ్గర పెద్దవాళ్లు చెప్పే కథ ఒకటుంది. లంక నుంచి తిరిగొస్తున్న రాముడికి స్వాగతం పలకడానికి వాయుదేవుడు ఈ కొండ నుంచి ఆ కొండకు బంగారు తోరణం కట్టాడట. అది ఇప్పటికీ అక్కడే ఉందట. కాకపోతే అందరికీ కనపడదు. మనసు శుభ్రంగా ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. కనిపించిందంటే వాళ్లకు ఇక ఎక్కువ రోజులు లేనట్టేనని కూడా చెప్తారు.

ఆ తోరణం ఒక తెల్లదొరకు కనిపించిందట! గుర్రం మీద వెళ్తూ తలెత్తి చూసి, పైన వేలాడుతున్నది ఏంటని పక్కవాళ్లను అడిగాడట. వాళ్లకు మాత్రం ఏమీ కనపడలేదు. ఆ దొర పేరు సర్ థామస్ మన్రో. అప్పటికి మద్రాసు గవర్నర్. 1827 జూలై 6న కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా సోకి చనిపోయారు.

తోరణం సంగతి నమ్మకానికి సంబంధించిన విషయం. దాన్ని అలాగే ఉంచుదాం. అసలు ఆశ్చర్యం ఇంకోటి ఉంది. మన్రో ఈ ప్రాంతానికి వచ్చింది శిస్తు వసూలు చేయడానికి. ఏ కాలంలో అయినా జనం లోపల్లోపల తిట్టుకునే ఉద్యోగం అది. అలాంటి మనిషిని గుడి కథలో చేర్చుకున్నారు. మాండవ్య ఋషే మళ్లీ పుట్టాడని అనుకున్నారు. పిల్లలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పేర్లు పెట్టుకున్నారు. ఎందుకు?

ఆయన చేసిన ప్రయాణం ఎంత దూరమో, ఎంత కాలమో చూస్తే ఆ సంగతి కొంత అర్థమవుతుంది.

ముసలి గుర్రం, నడక దారి

మన్రో పుట్టింది 1761 మే 27న, స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో. తండ్రి అలెగ్జాండర్ వ్యాపారి. అమెరికాలోని వర్జీనియాతో వర్తకం. చిన్నప్పుడే పొంగు వచ్చి థామస్ వినికిడి కొంత దెబ్బతింది. అది జీవితాంతం వదల్లేదు. అయినా బళ్లో ఆటలంటే ముందుండే కుర్రాడు. ఈత, బాక్సింగ్, ఒళ్లు అలిసిపోయే ఆట ఏదైనా సరే వెనక్కి తగ్గేవాడు కాదు. ఇంకో పిచ్చి పుస్తకాలు. డాన్ క్విక్సోట్‌ను అసలు భాషలోనే చదవాలని స్పానిష్ నేర్చుకున్నాడంటే చూడండి.

అంతలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. వర్జీనియా వర్తకం కూలిపోయింది. తండ్రి దివాలా తీశారు. చదువు, వ్యాపారం అన్నీ పక్కకు పోయాయి. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్ ఉద్యోగం దొరికింది. 1780 జనవరిలో మద్రాసులో దిగేనాటికి ఆయన వయసు 18 ఏళ్లు.

వచ్చిన ఏడాదే హైదర్ అలీతో యుద్ధం. సెప్టెంబర్‌లో పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దళం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. దగ్గర్లోనే కాంచీపురంలో ఉన్న ఇంకో సైన్యం బతుకు జీవుడా అని మద్రాసు వైపు వెనక్కి నడిచింది. ఆ నడిచినవాళ్లలో ఈ కుర్ర క్యాడెట్ కూడా ఉన్నాడు. సైనికుడిగా ఆయన నేర్చుకున్న తొలి పాఠం గెలుపు కాదు. ఓడిపోయి, ఆకలితో, వెనక శత్రువు తరుముతుంటే కాళ్లు ఆపకుండా ఉండటం.

తర్వాతి నాలుగేళ్లూ అదే పని. ఆ రోజుల గురించి ఆయన ఇంటికి రాసిన ఉత్తరాల్లో సరదాగా చెప్పుకున్న కష్టాలు వింటే ఇప్పటి హాస్టల్ కుర్రాళ్లు కూడా నవ్వుతారు. మూడేళ్ల పాటు దిండు అంటే పుస్తకమో, తూటాల సంచో! మంచం అంటే నాలుగు కర్రల మీద బిగించిన గుడ్డ. చలికాలంలో పాత కోటే దుప్పటి. దాని చేతుల్లో కాళ్లు దూర్చుకుని పడుకోవడమే. ఎలాగో ఒక గుర్రం కొన్నారు గానీ అది బాగా ముసలిది. ఎక్కి కూర్చుంటే అది నడవలేదు. దాంతో దారిలో చాలా భాగం గుర్రం పక్కనే మనిషీ నడక.

ఇంత లేమిలోనూ అన్న, తమ్ముడు కలిసి ఇంటికి డబ్బు పంపేవారు. దివాలా తీసిన తండ్రి అక్కడ దాంతోనే బతకాలి.

ప్రొద్దుటూరులోనో, పులివెందులలోనో తెల్లవారుజామున గ్రౌండ్‌కు వెళ్తే కానిస్టేబుల్ సెలక్షన్ కోసం 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు కనిపిస్తారు. వాళ్లనడిగితే చెప్తారు. మొదటి రౌండ్‌లోనే ఊపిరంతా ఖర్చు పెట్టినవాడికి ఆఖరి రౌండ్ ఉండదు. మన్రోకు ఆ లెక్క అబ్బింది ఆ నాలుగేళ్ల నడకలో. మద్రాసులో దిగిన పన్నెండేళ్లకు గానీ ఆయనకు చెప్పుకోదగ్గ పదవి రాలేదు. తొందరపడి వదిలేసి వెళ్లిపోనూ లేదు.

బారామహల్‌లో పాఠం

1792లో టిప్పు సుల్తాన్‌తో ఒప్పందం తర్వాత బారామహల్, అంటే ఇప్పటి సేలం, ధర్మపురి ప్రాంతం కంపెనీ చేతికి వచ్చింది. అక్కడి పాలన చూడటానికి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను పెట్టారు. ఆయన కింద సహాయకుడిగా మన్రో చేరారు. ఏడేళ్లు అక్కడే. జమీందారుతోనో గుత్తేదారుతోనో బేరం మాట్లాడుకుని కూర్చోకుండా, ఒక్కో చేను దగ్గరికి వెళ్లి, ఒక్కో రైతుతో నేరుగా లెక్క తేల్చుకునే పద్ధతి అక్కడ రూపు కట్టింది. తర్వాత దానికే రైత్వారీ అని పేరొచ్చింది.

పద్ధతి వినడానికి తేలిక. చేయాలంటే మాత్రం ఒక్కటే దారి. తిరగాలి. ఎండలో తిరగాలి, ఊరి తర్వాత ఊరు తిరగాలి. కచేరిలో కూర్చుంటే కరణం రాసిందే లెక్క.

1799లో శ్రీరంగపట్నం పడ్డాక మన్రోను పడమటి తీరంలోని కెనరాకు పంపారు. అక్కడి ఎడతెగని వానలు ఆయనకు పడలేదు. ఏడాదికే అక్కడి నుంచి బయటపడ్డారు. ఇక అప్పుడు మొదలైంది మన కథ.

దత్త మండలం.. 80 మంది పాలెగాళ్లు

1800 అక్టోబర్ 12న హైదరాబాద్ నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. తన కోసం కంపెనీ నిలిపే సైన్యం ఖర్చుకు బదులుగా కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని రాసిచ్చేశాడు. నిజాం ఇచ్చేసిన భూమి కాబట్టి దత్త మండలం. రాయలసీమ అనే పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు చెప్పేదాకా జనం నోట్లో అదే మాట నడిచింది.

ఆ మొత్తానికి ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చారు మన్రో. దాదాపు 70 వేల చదరపు కిలోమీటర్లు. ఆయన లెక్క ప్రకారమే సుమారు 20 లక్షల జనాభా. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అన్నీ అందులోనివే. కింద నలుగురు సహాయ కలెక్టర్లు. అంతే!

అప్పటి సీమ ఎలా ఉందంటే.. కడప నవాబు పోయి హైదర్, హైదర్ పోయి టిప్పు, టిప్పు పోయి నిజాం. ఇరవై ఏళ్లలో ఇన్ని చేతులు మారిన భూమి. వచ్చిన ప్రతివాడూ వీలైనంత పిండుకుని పోయాడు. ఊళ్లలో చూస్తే 80 మంది పాలెగాళ్లు, వాళ్ల దగ్గర దాదాపు 30 వేల మంది ఆయుధాలున్న బంట్లు. పులివెందుల పక్కనున్న వేముల కూడా పాలెగాళ్ల స్థానమే. రైతు ఒకరికి శిస్తు కట్టి ఊపిరి పీల్చుకునేలోపు ఇంకొకడు గడపలో నిలబడేవాడు.

జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం సాయంతో మన్రో పాలెగాళ్లను అణచివేశారు. ఒక ఏడాది, ఏడాదిన్నరలో చాలామంది కోటలు ఖాళీ అయ్యాయి. కొందరిని తరిమేశారు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టారు. ఈ పని అంతా న్యాయంగా జరిగిందని చెప్పలేం. కట్టలేనంత కప్పం అడిగి, కట్టకపోతే పట్టుకునే ఎత్తుగడ కూడా అందులో ఉంది. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే దాన్ని తప్పుపట్టారు. ఆ పాలెగాళ్ల వారసుల కడుపుమంట చల్లారలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడినప్పుడు దాని వేళ్లు ఇక్కడిదాకా ఉన్నాయి. మన్రోను పొగిడేవాళ్లు ఈ పేజీని తిప్పేస్తుంటారు. తిప్పకూడదు.

గుడారమే ఇల్లు

పాలెగాళ్లది సైన్యంతో తేలిపోయే పని. అసలు దూరం ఆ తర్వాత మొదలైంది.

మన్రో ఏళ్ల తరబడి గుడారాల్లోనే బతికారు. ఒక తాలూకా అయ్యాక ఇంకో తాలూకా. కూడా సిపాయిల కాపలా పెట్టుకునేవారు కాదు. తుపాకీలు చుట్టూ ఉంటే రైతు దగ్గరికి రాడు, వచ్చినా నిజం చెప్పడు అనేది ఆయన లెక్క. పాలెగాళ్ల ఊళ్ల మధ్య, ఇంకా రగులుతున్న చోట అలా తిరగడం మామూలు ధైర్యం కాదు.

తెల్లారగానే గుడారం బయటికి వచ్చి, తల మీద టోపీ కూడా లేకుండా, అటూ ఇటూ నడుస్తూ ఉండేవారు. అదే ఆయన దర్బార్! ఊళ్లో వాళ్లు పక్కనే నడుస్తూ తమ గోడు చెప్పుకునేవారు. పక్క చేనువాడు గట్టు జరిపాడని ఒకరు, కరణం తప్పు రాశాడని ఇంకొకరు. ఆయనకు చెవులు సరిగా వినపడవు. అందుకే మనిషి దగ్గరగా వచ్చి మాట్లాడాలి. మధ్యలో దుబాసీ అక్కర్లేదు. ఫార్సీ, హిందుస్తానీలతో పాటు ఇక్కడి జనం మాటలు కూడా పట్టుకున్నారు. అలా నడక అయ్యాక కచేరి. కచేరి అయ్యాక కాగితాలు. మరునాడు గుడారం ఇంకో ఊళ్లో.

ఇప్పుడైతే నాయకుడు పాదయాత్ర మొదలుపెడితే ఊరూరా కెమెరాలు, డ్రోన్లు, లైవ్‌లు. అప్పుడు ఎవరు చూశారు? చూసింది ఆ ఊరి రైతులే. అదే కథలై మిగిలింది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఇప్పుడు బస్సెక్కితే కాసేపట్లో దిగిపోతాం. కిటికీలోంచి కనిపించేదంతా ఒకే రేగడి నేలలా ఉంటుంది. చేనుచేనుకూ ఆగి చూస్తే అలా ఉండదు. పెన్న ఒడ్డున ఒకలా, కుందూ వైపు ఒకలా, పైన మెట్టలో ఇంకోలా. నాలుగు అడుగులు పక్కకు వేస్తే నల్లమట్టి పోయి రాళ్ల నేల వస్తుంది. పులివెందుల వైపు పోతే వాన పడితేనే పంట, లేదంటే బావి తవ్వి కపిలి తోలి నీళ్లు తోడాలి. ఈ తేడాలన్నిటికీ ఒకే శిస్తు వేస్తే ఏమవుతుందో రైతుకు తెలుసు. కొలిచి చూడకుండా దొరకు తెలియదు.

33 అడుగుల గొలుసు

అందుకే 1802లో భూమి కొలతలు మొదలుపెట్టారు. చేతిలో ఉన్నదల్లా 33 అడుగుల గొలుసు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న చతురస్రాలు 40 కలిస్తే ఒక ఎకరం. తెలంగాణలో ఇప్పటికీ ఎకరానికి 40 గుంటలు అంటారు కదా, ఆ గుంట కొలత కూడా సరిగ్గా ఇంతే.

మొదట్లో కొలవడం తెలిసిన గుమాస్తాలు నలుగురే ఉన్నారు! ఒక్కొక్కరికీ ఈ ప్రాంతం వాళ్లను కొందరిని జత చేసి నేర్పించారు. వాళ్లు ఇంకొందరికి నేర్పారు. క్రమంగా కొలిచేవాళ్లు వంద మంది అయ్యారు. వాళ్లు కొలిచింది సరిగా ఉందో లేదో మళ్లీ కొలిచి చూసేవాళ్లు వేరే. లంచం తీసుకుని మంచి నేలను చెడ్డదిగా రాయడం అప్పుడూ ఉంది మరి. కొలత అయ్యాక నేల రకం తేల్చాలి. మెట్టా, తరీ, తోటా? మెట్టలో ఏ తరగతి? అది తేలాక ఊరి రెడ్డిని, కరణాన్ని, రైతుల్ని కూర్చోబెట్టి శిస్తు మాట్లాడాలి. ఒప్పుకోరు. అరుస్తారు. మళ్లీ మాట్లాడాలి.

ఈ మధ్యలో ప్రకృతి ఊరుకుందా? 1803లో వానల్లేక కరవు. 1804లో అదే వాన తిరగబడి వరదలొచ్చాయి. వందల చెరువులు తెగిపోయాయి. కట్టిన లెక్కలు కొట్టుకుపోయినట్టే. గొలుసు మాత్రం ఆగలేదు. అయిదేళ్లు పట్టింది ఆ పని పూర్తవడానికి. ఒక చేను, ఇంకో చేను, మళ్లీ ఇంకో చేను.

1807 ఆగస్టు 15.. ఒక ఉత్తరం

ఇంత తిరిగాక ఆయనకు తేలింది ఏంటి? తాను వేసిన శిస్తే ఎక్కువని!

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఇది. ఆయన వచ్చిన మొదటి ఏడాదితో పోలిస్తే ఏడేళ్లలో వసూళ్లు దాదాపు సగం పెరిగాయి. పైవాళ్లు సంతోషంగా ఉన్నారు. ఆ లెక్క చూపించి ఇంటికి వెళ్లిపోతే పెద్ద పేరే వచ్చేది. కానీ 1807 ఆగస్టు 15న మద్రాసుకు ఒక సుదీర్ఘమైన నివేదిక పంపారు. తేదీ చూసి కంగారు పడకండి, ఆ తేదీకి మనం అనుకునే అర్థం రావడానికి ఇంకా 140 ఏళ్లు ఉంది. పండిన పంటలో దాదాపు 45 శాతం శిస్తు రూపంలో సర్కారుకే పోతోంది, అది మూడో వంతుకు దిగితే తప్ప రైతు చేతిలో భూమికి విలువ ఉండదు, అమ్ముకుందామన్నా కొనేవాడు ఉండడు అనేది దాని సారాంశం. అందుకని అన్ని భూముల మీదా 25 శాతం తగ్గించాలి. రైతు తన చేతులతో బావి నుంచి తోడుకుని, లేదా వాగు నుంచి ఎత్తిపోసుకుని తడుపుకునే భూమికి ఇంకో 8 శాతం కలిపి మొత్తం 33 శాతం తగ్గించాలి.

పులివెందుల మెట్టలో కపిలి తోలే రైతు శ్రమకు ఆ 8 శాతంలో లెక్క ఉంది. అది గుడారం లోపల కూర్చుని వేసే లెక్క కాదు. బావి గట్టు మీద నిలబడి చూసినవాడే వేయగలడు.

పైవాళ్లు ఒప్పుకోలేదు.

అదే ఏడాది అక్టోబర్‌లో మన్రో సెలవు మీద ఓడ ఎక్కారు. సొంతూరు వదిలి అప్పటికి 28 ఏళ్లు. ఆయన వెళ్లగానే మద్రాసు ప్రభుత్వం రైత్వారీనే పక్కన పడేసింది. ఊరిని మొత్తంగా కౌలుకు ఇచ్చే పద్ధతి పెట్టింది. మొదట మూడేళ్ల కౌలు, ఆ తర్వాత పదేళ్ల కౌలు. శిస్తు మాత్రం ఏమీ తగ్గలేదు. ఊరి కౌలు పట్టినవాడు సర్కారుకు కట్టాలి కాబట్టి రైతు మీద పడ్డాడు. వానలు లేని ఏడాది రైతు చేతులెత్తేశాడు, కౌలుదారుడూ మునిగిపోయాడు. కొలిచిన గొలుసుల లెక్కలన్నీ కచేరీల్లో మూలన పడ్డాయి.

ఏడేళ్లు తిరిగి కట్టింది మూడేళ్లలో కూలిపోతుంటే సముద్రం అవతల కూర్చుని వినడం.. ఆ స్థితి ఎలా ఉంటుందో పెద్దగా చెప్పక్కర్లేదు.

మళ్లీ మొదటి నుంచి

అక్కడైనా ఊరుకున్నారా? లేదు. కంపెనీ చార్టర్ 1813లో పునరుద్ధరించే ముందు పార్లమెంటు కమిటీలు సాక్షులను పిలిచాయి. మన్రోను కూడా పిలిచారు. వినికిడి సరిగా లేని మనిషి సభ ముందు నిలబడి ప్రశ్న తర్వాత ప్రశ్నకు జవాబు చెప్పారు. డైరెక్టర్లకు కాగితాల మీద కాగితాలు రాశారు. చేనుచేనూ తిరిగినవాడి దగ్గర ఉన్న వివరం ఎదుటివాళ్ల దగ్గర లేదు. నెమ్మదిగా లండన్‌లో గాలి మళ్లింది.

1814లో జేన్ క్యాంప్‌బెల్‌తో పెళ్లయింది. అప్పటికి ఆయన వయసు 52. అదే ఏడాది మద్రాసుకు తిరిగొచ్చారు, న్యాయ వ్యవస్థను సరిదిద్దే కమిషన్‌కు అధిపతిగా. 1817లో మరాఠా యుద్ధం వస్తే మళ్లీ కత్తి పట్టారు. చేతికిచ్చిన సైన్యం కొద్దిగానే ఉన్నా అక్కడి జనంలోంచే మనుషుల్ని కూడగట్టుకుని ధార్వాడ్, బాదామి, బెళగాం, షోలాపూర్ దాకా వెళ్లారు. ఆ ఎండల్లో ఆరోగ్యం బాగా దెబ్బతింది. మళ్లీ ఇంగ్లాండ్. ఇక చాలనుకున్నారు. కానీ పిలుపొచ్చింది. 1820 జూన్‌లో మద్రాసు గవర్నర్‌గా బాధ్యతలు.

13 ఏళ్ల కిందట తాను రాసి పంపితే పక్కన పెట్టేసిన నివేదిక మీద ఇప్పుడు నిర్ణయం తీసుకునే కుర్చీ ఆయనదే! కౌళ్లు తీరిన కొద్దీ రైత్వారీ మళ్లీ వచ్చింది. కడప, బళ్లారి జిల్లాల్లో ఆయన అడిగిన ఆ 25 శాతం, 33 శాతం తగ్గింపు అమల్లోకి వచ్చింది.

అలాగని సీమ రైతు కష్టం తీరిపోయిందని కాదు. తగ్గించినా శిస్తు శిస్తే. మన్రో లాంటి అధికారి తిరిగినప్పుడు ఒకలా, తిరగని అధికారి చేతిలో ఇంకోలా నడిచింది ఆ పద్ధతి. శిస్తు కోసం రైతులను హింసించారని మద్రాసు ప్రభుత్వం వేసిన కమిషనే 1855లో తేల్చింది. మనిషి ఓపిక మీద నిలబడ్డ పద్ధతి ఆ మనిషి పోతే ఎలా అవుతుందో చెప్పడానికి అది చాలు.

గవర్నర్‌గా ఇంకొన్ని పనులూ చేశారు. 1822లో ఊరి బళ్లు ఎన్ని ఉన్నాయి, ఎంతమంది చదువుతున్నారు అని జిల్లాల నుంచి లెక్కలు తెప్పించారు. భారతీయులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వకుండా ఎంతకాలం పాలిస్తారని 1824 చివర్లో రాసిన నివేదికలో నిలదీశారు. కుర్ర ఉద్యోగులు జనం భాష నేర్చుకోవాల్సిందేనన్నారు. ఆయన గవర్నర్ అయిన 1820లోనే కడపకు కొత్త ఉద్యోగిగా వచ్చిన ఒక కుర్రాడు తెలుగు పట్టుకుని ఇక వదల్లేదు. ఆయనే సి.పి.బ్రౌన్.

చివరి ప్రయాణం

1826 నాటికే రాజీనామా ఇచ్చేశారు. కొత్త గవర్నర్ రావడం ఆలస్యమైంది. భార్య, చిన్న కొడుకు ముందే ఇంగ్లాండ్ వెళ్లిపోయారు. ఓడ ఎక్కేదాకా మద్రాసులో హాయిగా కూర్చోవచ్చు. వయసు 66. కానీ ఇంటికి వెళ్లే ముందు ఒక్కసారి దత్త మండలం చూసి రావాలనుకున్నారు. 1827 మే చివర్లో బయలుదేరారు. మళ్లీ అవే గుడారాలు, అవే దారులు. దారిలో కలరా ఉందని తెలుసు. కూడా వచ్చినవాళ్లలో కొందరు పడిపోయారు కూడా. జూలై 4 నాటికి గుత్తి. 6వ తేదీ ఉదయం పత్తికొండలో ఆయనకే సోకింది. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ప్రాణం పోయింది.

మర్నాడు గుత్తిలో పూడ్చిపెట్టారు. కొన్నేళ్లకు అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకెళ్లారు. పత్తికొండలో ఆయన పేరు మీద సర్కారు ఒక మెట్లబావి తవ్వించి చుట్టూ చెట్లు నాటించింది. దాహమేసినవాళ్లు నీళ్లు తాగి కాసేపు నీడన కూర్చోవడానికి. దారుల్లోనే బతికిన మనిషికి అంతకన్నా తగిన గుర్తు ఏముంటుంది?

చెన్నై వెళ్లినవాళ్లు మౌంట్ రోడ్డు చివర ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రం మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహం చూసే ఉంటారు. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ. 1839లో అక్కడ నిలబెట్టారు. దగ్గరికెళ్లి గమనిస్తే ఒక విషయం కనిపిస్తుంది. ఆ గుర్రానికి జీను లేదు, కాళ్లు పెట్టుకునే రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడని కొందరు, కావాలనే అలా చెక్కాడని ఇంకొందరు ఇప్పటికీ వాదించుకుంటూ ఉంటారు.

గండిలో మాత్రం విగ్రహం లేదు. శ్రావణ శనివారం దర్శనం అయ్యాక పాపాఘ్ని ఒడ్డుకు వచ్చినవాళ్లు ఆ రెండు కొండల మధ్య ఖాళీలోకి ఒకసారి తలెత్తి చూసి, ఏమీ కనపడలేదని నవ్వుకుంటూ బస్సెక్కుతారు.